ఇసోనో నేర్పిన మర్యాద

ఇసోనో ఎవరికైనా కత్తెర ఇస్తే పిడి వాళ్ళ వైపు ఉంటుంది. అందులో వింతేమీ లేదు, మా సువా ఊళ్ళో అందరం అంతే. కానీ ఇసోనో టీ కప్పు ఇస్తే దాని మీది పువ్వు బొమ్మ పుచ్చుకునేవాళ్ళ వైపు తిరిగి ఉండాలి. ఊరగాయ గిన్నె ఇస్తే దాని అందమైన వైపు ఎదుటివాళ్ళకే. ఆఖరికి తుడుపుగుడ్డ అందించినా అంచుల వైపు తన దగ్గర పెట్టుకుని, మడత నున్నగా ఉన్న వైపే ముందుకు చాపేది. ఒకసారి నేను ఉండబట్టలేక, "అక్కా, తుడుపుగుడ్డకి ముఖమేమిటి?" అన్నాను.

"గుడ్డకి లేదే కియో. పుచ్చుకునేవాళ్ళకి ఉంటుందిగా," అంది.

ఆ మాటకి నవ్వాను. తరువాత ఆ మాటే మా అందరి పీక మీదకి వస్తుందని నాకేం తెలుసు!

సరస్సు ఒడ్డున పాత చెక్కమేడ మా పనిచోటు. ఒకప్పుడు అందులో పట్టుపురుగులు పెంచేవారు. ముళ్ళు లేకుండా అంకెలు చూపించే చేతిగడియారాలు అప్పుడప్పుడే వస్తున్నాయి. వాటి అంకెల గాజుబిళ్ళల్ని మేము తయారు చేసి పెద్ద కంపెనీకి పంపేవాళ్ళం. యజమాని ఉషియామా మంచివాడే గానీ కోపమొస్తే ముఖం కందగడ్డ అయ్యేది, నోటికి అడ్డూ ఆపూ ఉండేది కాదు. ఆడవాళ్ళం పదిమందికి మించం. మా అందరికీ పెద్ద ఇసోనో.

యాభై దాటిన మనిషి. ఆమెకి పన్నెండేళ్ళప్పుడు, కొండ అవతలి పల్లె నుంచి మంచులో కనుమ దాటించి మా పక్క ఊరు ఒకాయాలోని పట్టు మిల్లుకి తీసుకొచ్చారు. సలసల కాగే నీళ్ళలో పట్టుకాయలు తేలుతుంటే పోగు పట్టి తీయడం పని. వేళ్ళు ఉడికి తెల్లగా పాలిపోయేవి. కాయలు అయిపోతే మేస్త్రీ కొత్త పళ్ళెం తెచ్చి నేల మీద పెట్టి, కాలితో ఆ పిల్లల వైపు తోసేవాడట. తోసినందుకు వీళ్ళు తల వంచి "అందుకున్నానండీ" అనాలి. గట్టిగా అనకపోతే మళ్ళీ వెనక్కి లాక్కుని మళ్ళీ తోసేవాడు. పళ్ళెం అంచు వచ్చి వేళ్ళకి కొట్టుకునేది. తన చేతి మీదుగా ఇంకో మనిషికి వెళ్ళే ఏ వస్తువూ అలా వెళ్ళకూడదని ఇసోనో అప్పుడే ఒట్టు పెట్టుకుంది. ఈ సంగతి నాకు ఒక్కసారే చెప్పింది, అదీ ముల్లంగి తరుగుతూ, నా ముఖం చూడకుండా.

తరువాత పెళ్ళయింది. మొగుడు యుద్ధం రోజుల్లో మంచూరియా దేశం వెళ్ళి తిరిగి రాలేదు. పట్టు మిల్లులు మూతపడ్డాయి, ఇసోనో మిసో అనే సోయా ముద్ద చేసే బట్టీలో చేరి ఉడికిన సోయా గింజలు తొక్కింది, ఆ తరువాత మా గాజుల దగ్గరికి వచ్చింది. ఎక్కడికి వెళ్ళినా ఆ చేతుల మర్యాద మాత్రం వదల్లేదు. ఆమెకి మిగిలిన ఆస్తి అదేనని నేననుకుంటాను.

మా పని సంగతి కూడా కాస్త చెప్పాలి. అంకెలు చూపించే ఆ ద్రవం సీసాలో ఉన్నంతసేపూ బియ్యం కడిగిన నీళ్ళలా మసగ్గా ఉండేది. మేము దాన్ని 'కడుగు' అనే పిలిచేవాళ్ళం. రెండు పల్చటి గాజుల్ని ఒకదాని మీద ఒకటి అతికించి, వాటి మధ్య వెంట్రుక కూడా దూరని సందులోకి ఆ కడుగుని ఎక్కిస్తే, చిత్రంగా తేటపడిపోయేది. అలా తేటపడాలంటే గాజుల లోపలి ముఖాల్ని ముందుగా మఖమలు గుడ్డ చుట్టిన దిమ్మెతో ఒకే దిక్కున రుద్దాలి. రుద్దాక కంటికి ఏ గీతా కనపడదు గానీ కడుగుకి తెలుస్తుంది. ముందు గాజు మీద అంకెల గీతలుంటాయి కాబట్టి దానికి తలా కాళ్ళూ తెలుస్తాయి. వెనక గాజు బోడిది, ఎటు చూసినా ఒక్కలాగే ఉంటుంది. కలిపినవాటిని పొయ్యిలో కాల్చి, కడుగు ఎక్కించి, మూతి మూసి నా దగ్గరికి పంపేవాళ్ళు. వెలుగుపెట్టె ముందు కూర్చుని కరెంటు ఇచ్చి, అంకెలు సరిగ్గా నల్లబడుతున్నాయో లేదో చూడడం నా పని.

వెనక గాజు రుద్దేదీ, ముందు గాజుతో కలిపేదీ అంతదాకా ఇసోనో ఒక్కతే. పని పెరిగాక రుద్దడానికి ఇంకో మనిషి కావలసి వచ్చింది. అలా ఆ శరదృతువులో నోబుయే వచ్చింది.

నోబుయేది దక్షిణాన బొగ్గు గనుల ఊరు. గని మూసేశారు. మూసేనాటికే ఆమె మొగుడి ఊపిరితిత్తుల నిండా బొగ్గుపొడి. మేడ మీద పట్టుపురుగుల గది ఖాళీగా ఉంటే, పనితో పాటు ఆ గది కూడా ఇస్తానన్నాడు ఉషియామా. పని ఉన్నంతకాలమే గది. మొగుడు పైన పడుకునేవాడు, ఆమె కింద పని చేసేది. అతను దగ్గినప్పుడల్లా మా నెత్తి మీద చెక్కలు అదిరేవి. నోబుయే చెయ్యి ఒక్క క్షణం ఆగేది, మళ్ళీ సాగేది.

మొదటి రోజే ఇసోనో ఆమెని తన ఎదురుగా, బల్లకి అవతల కూర్చోబెట్టుకుని నేర్పింది. "దిమ్మెని నీవైపు లాక్కోకు. నావైపుకి తొయ్యి. ఎప్పుడూ నావైపుకే." నోబుయేది పట్టున్న చెయ్యి, ఇట్టే పట్టేసింది. గాజుల్ని చెక్క పళ్ళెంలో పేర్చి, ఆ పళ్ళేన్ని బల్ల మీద నుంచి ఇసోనో ముందుకి ఒక్క తోపు తోసింది. "ఇందా!"

ఇసోనో ముఖం పాలిపోయింది. "ఏమ్మా, కుక్కకి పడేసిన కూడనుకున్నావా ఇది?"

"అట్లంటే ఏంది అక్కగారూ? గనిలో లాంతరైనా ఇట్లనే ఇస్తాం. తిప్పుకుంటా కూసుంటే కప్పు కూలి నెత్తిన పడ్తది."

మేమంతా పకపకా నవ్వాం. ఇసోనో నవ్వలేదు.

అప్పట్నుంచి ఒకటే పాఠం. "రెండు చేతులతో." "నీ వైపున్న అంచు నాకేసి తిప్పు." "కాస్త తల వంచు, మెడ విరగదులే." నోబుయే మొదట్లో మూతి ముడిచేది. కానీ ఈ మనిషి మాకు పనికిరాదని ఇసోనో ఒక్క మాట అంటే ఉషియామా రెండో మాట అడగడు, పైన గదీ ఉండదు. అది నోబుయేకి బాగా తెలుసు. సరస్సు అంచులు గడ్డకట్టే వేళకి నేర్చుకుంది. గాజులు పేర్చడం, పళ్ళేన్ని రెండు చేతులా ఎత్తి గిర్రున సగం తిప్పి, తల వంచి ముందుకి జరపడం. చేతిలో పని ఎక్కువైనప్పుడో, ఒళ్ళు మండినప్పుడో మాత్రం పాత అలవాటు ప్రకారం తోసేసేది. మొదటిసారి చక్కగా తిప్పి ఇచ్చిన రోజున ఇసోనో తన డబ్బాలోంచి ఆకు ఊరగాయ తీసి ఆమె అరచేతిలో పెట్టింది. నోబుయే ముఖం వెలిగిపోయింది. నాకు కాస్త అసూయ కూడా కలిగింది, ఎందుకంటే ఆ ఊరగాయ నాకెప్పుడూ అడిగితే గానీ పెట్టలేదు.

ఆ వారంలోనే చెడ్డ బిళ్ళలు మొదలయ్యాయి.

కరెంటు ఇవ్వకముందు అంతా తేటగానే ఉండేది. ఇచ్చి కాస్త పక్కకి వంచి చూస్తే, అంకె సగం నల్లగా, సగం వెలిసిపోయి కనపడేది. ఆ రెంటికీ మధ్య వంకరటింకర గీత ఒకటి. మా సరస్సు గడ్డకట్టాక ఒక తెల్లవారుజామున పెద్ద చప్పుడుతో పగిలి, ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి మంచు కట్టలా లేస్తుంది. పై గుడి దేవుడు కింది గుడిలో ఉన్న భార్య దగ్గరికి నడిచి వెళ్ళిన జాడ అంటాం దాన్ని. గాజులో గీత అచ్చం అలాగే ఉండేసరికి మేము దానికి 'దేవుడి దాటు' అని పేరు పెట్టాం. సరస్సు మీద దాటితే ఊరికి శుభం. గాజులో దాటితే మా కొంప మునిగినట్టే.

అన్నీ అలాగే వచ్చి ఉంటే కారణమేదో తేలిపోయేది. ఒక పళ్ళెం మొత్తం బాగుండేది, తరువాతి రెండు పళ్ళేలూ చెడిపోయేవి, మళ్ళీ ఒకటి బాగుండేది. మఖమలు మార్చాం. పూత మార్చాం. కడుగు సీసా మార్చాం. ముందు గాజుల్లో ఏ లోపమూ లేదని తేలింది. మిగిలింది వెనక గాజు, అంటే నోబుయే.

ఉషియామా వచ్చి ఆమె వెనకాలే నిలబడడం మొదలుపెట్టాడు. చేతులు వెనక్కి కట్టుకుని, ఉలుకూ పలుకూ లేకుండా. ఆయన నిలబడిన పూట వచ్చే బిళ్ళలన్నీ చెడ్డవే. ఆయన ఊళ్ళోకి వెళ్ళిన పూట నాలుగు మంచివి పడేవి. దాంతో ఆయనకి అనుమానం ఇంకా ముదిరింది.

"నేను చూస్తుంటే ఒకలా, చూడకపోతే ఇంకోలానా? ఎవరి మీద కసి నీకు?"

"కసేంది సామీ! నాకు తెల్దు. నేను రుద్దినట్టే రుద్దుతుండా."

"కడుగుకేమైనా నీ మీద పగా? ఇంకోసారి గాజులో దేవుడు దాటాడంటే, నువ్వూ మీ ఆయనా ఈ గడప దాటెయ్యండి."

పైన దగ్గు వినపడింది. నోబుయే తల ఎత్తలేదు. అడకత్తెరలో పోకచెక్కలా అయిపోయింది పాపం, వెనకాల యజమాని, ఎదురుగా ఇసోనో. భయం కొద్దీ ఇంకా మర్యాదగా, ఇంకా నెమ్మదిగా, పళ్ళేన్ని తిప్పి తల వంచి ఇచ్చేది. పళ్ళెం నా కళ్ళ ముందే రోజూ తిరుగుతున్నా నాకేమీ తోచలేదు.

చివరికి కంపెనీ నుంచి గోమి వచ్చాడు. మా సువా పిల్లాడే, ముప్పయ్యేళ్ళుంటాయి, పెద్ద చదువు చదివి ఈ ద్రవాల మీదే పని చేస్తున్నవాడు. ఇక చెడ్డ బిళ్ళలు వస్తే పని ఇంకో ఊరికి ఇచ్చేస్తామని పైవాళ్ళు తనతో చెప్పి పంపించారని, తలవంచుకుని, తనదే తప్పన్నట్టు చెప్పాడు. నా వెలుగుపెట్టె ముందు కూర్చుని బిళ్ళని ఇటు వంచి, అటు వంచి, చాలాసేపు చూశాడు. ఇసోనో టీ తెచ్చి కప్పు తిప్పి పెట్టింది. అతనూ ఆ కప్పుని కళ్ళకద్దుకున్నంత పని చేసి తీసుకున్నాడు.

"ఇసోనోగారూ, సీసాలో ఈ కడుగు ఎందుకు మసగ్గా ఉంటుందంటారు?"

"నాకేం తెలుసు బాబూ."

"లోపలున్న కణాలు పుల్లల్లాంటివి. పక్కపక్క పుల్లలు ఒకే వైపు చూస్తాయి గానీ, విశాలమైన చోట ఈ గుంపు ఒక వైపు, ఆ గుంపు ఇంకో వైపు. గోడ మాట నడిమధ్య దాకా వినపడదు. ఇరుకులో పెట్టామనుకోండి, ఇక నడిమధ్య అంటూ ఏమీ మిగలదు. ప్రతి పుల్లకీ రెండు గోడల మాటా వినపడుతుంది. కింది గోడ ఇటు పడుకోమంటే ఇటు, పై గోడ అడ్డంగా పడుకోమంటే అడ్డంగా, మధ్యలో మెట్లమెట్లుగా తిరుగుతూ సర్దుకుంటుంది. మనం రుద్దేది ఆ మాట చెప్పడానికే."

"మరి ఈ గీతో?" అన్నాను నేను.

"రెండు గోడల మాటా పొసగలేదు కియోగారూ. ఎటు తిరగాలో తెలియక కొంత కుడికి తిరిగింది, కొంత ఎడమకి తిరిగింది. రెండూ ఎదురుపడిన చోట గీత. ఒక గోడ తిరగబడి ఉంది. అంటే వెనక గాజుని ఎవరో ముందుకి తొయ్యడానికి బదులు తమవైపుకి లాగి రుద్దుతున్నారు."

ఉషియామా బల్ల మీద గుద్దాడు. "చెప్పానా! తోయడానికి బద్ధకమేసి లాగుతోంది!"

"లాగలా!" నోబుయే లేచి నిలబడింది. "ఒక్కసారి కూడా లాగలా. మా ఆయన మీద ఒట్టు. అక్కగారూ, మీరు ఎదురుగానే కూసుంటారు కదా, చెప్పండి!"

గదిలో అందరం ఇసోనో వైపు చూశాం. "లాగలేదు," అంది ఇసోనో. "రోజూ చూస్తూనే ఉన్నాను. ప్రతిసారీ నావైపుకే తోసింది."

గోమి తల గోక్కున్నాడు. తన కళ్ళతో చూస్తానన్నాడు. బల్ల పక్కనే కుర్చీ వేసుకుని ఉదయమంతా కూర్చున్నాడు. నోబుయే రుద్దింది, దిమ్మె ఇసోనో వైపుకే సాగింది. గోమి ప్రతిదానికీ తల ఊపాడు. నోబుయే గాజులు పేర్చి, పెద్దమనిషి చూస్తున్నాడని మరింత ఒద్దికగా పళ్ళెం ఎత్తి, తిప్పి, వంగి ఇసోనోకి ఇచ్చింది. గోమి దానికీ తల ఊపాడు. అతనూ ఈ ఊళ్ళో పుట్టినవాడే. తిప్పి ఇవ్వడం మాకు ఊపిరి తీసుకోవడం లాంటిది, ఎదురుగా జరిగినా కనపడదు.

పొద్దువాలే వేళకి బిళ్ళలు నా దగ్గరికి వచ్చాయి. మీట నొక్కాను. మొదటిదాంట్లో దేవుడు దాటాడు. రెండోదాంట్లోనూ దాటాడు. అన్నిట్లోనూ అంతే. నా ముఖం చూసే ఉషియామాకి తెలిసిపోయింది. ఆయన అరవలేదు.

"రేపు సాయంత్రానికల్లా గది ఖాళీ చెయ్యమ్మా," అన్నాడు మెల్లగా. "పదిమంది కూడు పోగొట్టుకోలేను."

"ఈ మంచులో ఆయనని తీసుకుని యాడికి పోవాల?"

ఉషియామా బయటికి వెళ్ళిపోయాడు.

నోబుయే ముందు ఇంకో పళ్ళెం మిగిలింది, రుద్దడం అయిపోయిన గాజులతో. ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "ఇందా, ఇది కూడా తీసుకో!" అని ఒక్క తోపు తోసింది. పళ్ళెం బల్ల మీద జారుకుంటూ వెళ్ళి ఇసోనో వేళ్ళకి కొట్టుకుంది. ఇసోనో ఆ వేళ్ళని ఒళ్ళోకి లాక్కుంది. నేను అప్పుడు ఆమె ముఖం చూశాను. మందలిస్తుందనుకున్నాను. ఆమె ఆ గాజుల్ని ఎప్పటిలాగే కలిపి పొయ్యిలోకి పంపింది.

మర్నాడు పొద్దున్నే వాటిలో కడుగు ఎక్కించారు. ఎలాగూ పోయే పనే కదా అని నీరసంగా పెట్టె ముందు పెట్టి మీట నొక్కాను. అంకె నిండుగా, నల్లగా వచ్చింది. ఇంకోటి చూశాను. అదీ అంతే. పళ్ళెం పళ్ళెమంతా ఒక్క గీత కూడా లేదు. ఏ మాటైనా మొదట ఇసోనోకి చెప్పడం మా అలవాటు. వెళ్ళి చెవిలో చెప్పాను.

"ఏ పళ్ళెం?" అంది.

"అదే అక్కా, నిన్న విసిరికొట్టింది చూడు, అది."

ఇసోనో ఖాళీ పళ్ళెం ఒకటి ముందు పెట్టుకుంది. దాని అడుగున వేలితో తన వైపుకి ఒక గీత గీసినట్టు రాసింది. తరువాత పళ్ళేన్ని సగం తిప్పింది. ఇప్పుడా గీత కొస నోబుయే కూర్చునే వైపుకి తిరిగింది. మళ్ళీ వెనక్కి తిప్పింది. మళ్ళీ సగం. ఆమె వేళ్ళు చూస్తుండగా నాకూ వెలిగింది. రుద్దడంలో తప్పు లేదు. తిప్పి ఇవ్వడంలో ఉంది. ఆ పిల్ల మోటుగా ఉన్నన్నాళ్ళూ గాజులు బాగున్నాయి. మర్యాద నేర్చుకున్నాక చెడ్డాయి. భయపడినకొద్దీ మర్యాద పెరిగింది, మర్యాద పెరిగినకొద్దీ గీతలు పెరిగాయి. నోబుయే రాకముందు ఇసోనో ఒక్కతే రెండు పనులూ చేసుకుంది కాబట్టి తిప్పి ఇవ్వడానికి ఎదురుగా మనిషే లేదు.

"అక్కా," అన్నాను గొంతు తగ్గించి, "గోమి స్టేషన్‌కి వెళ్ళే ముందు ఇటు వస్తానన్నాడు. పళ్ళేలు ఎక్కడో తారుమారవుతున్నాయని చెబుదాం. నీ పేరెందుకు ఇందులో?"

"అప్పుడు తారుమారు చేసింది ఎవరవుతారు?"

పైన పరుపు చుట్టే చప్పుడు. కాసేపటికి నోబుయే తాడు కట్టిన పరుపు మూట వీపున వేసుకుని మెట్లు దిగి, గుమ్మం పక్కన దింపింది. మమ్మల్ని చూడకుండా మళ్ళీ పైకి వెళ్ళింది. ఇసోనో కదల్లేదు. నాకు లోపల్లోపల కోపం వచ్చింది, చెప్పొద్దూ. ఈమె మాట్లాడదు, జీవితమంతా నమ్ముకున్నది తప్పైందని ఒప్పుకోదు, ఆ మూట అలాగే మంచులోకి వెళ్ళిపోతుంది అనుకున్నాను.

గోమి వచ్చాడు, చేతిలో సంచితో. వెనకాలే ఉషియామా. గోమి వీడ్కోలు చెప్పడానికి వంగబోతుంటే ఇసోనో లేచింది.

"ఆగు బాబూ. ఆ గోడ ఎలా తిరగబడిందో నాకు తెలుసు. నేనే తిప్పించాను."

చెప్పింది. పళ్ళెం పెట్టి, తిప్పి చూపించింది. ఎక్కడా తడబడలేదు. ఎవరు నేర్పారో, ఎన్నిసార్లు మందలించారో, అన్నీ తన నోటితోనే. గోమి కళ్ళు పెద్దవయ్యాయి, నుదుటి మీద అరచేత్తో కొట్టుకున్నాడు. "పక్కనే కూర్చుని చూశానండీ! తల కూడా ఊపాను!"

ఉషియామా మాత్రం నమ్మలేదు. "జాలికొద్దీ మీద వేసుకుంటున్నావు ఇసోనో. మర్యాదగా ఇస్తే గాజు చెడుతుందా ఎక్కడైనా? ఏదీ, నా ముందు చేసి చూపించండి. బాగా వస్తే సరే. రాకపోతే మూట బయటికే."

నోబుయేని పిలిచారు. కూర్చుంది. రుద్దింది. గాజులు పేర్చింది. పళ్ళెం అంచులు పట్టుకుంది. అక్కడ ఆగిపోయింది. ఎదురుగా ఇసోనో, పక్కన గోమి, వెనకాల యజమాని. రెండు చేతులూ వాటంతట అవే పళ్ళేన్ని పైకెత్తాయి. తిప్పడం మొదలుపెట్టాయి.

"తిప్పకు!" నేను అరిచాను.

కింద పెట్టేసింది. మళ్ళీ పట్టుకుంది. మళ్ళీ చేతులు పైకే. "నా వల్ల కాదు అక్కగారూ," అంది, ఏడుపు గొంతుతో. "ఇంతమంది ముందర మీకు అట్ల ఎట్ల తోసేది? మీరే కదా నేర్పిండేది."

"నేనే నేర్పాను. నేనే వద్దంటున్నాను," అంది ఇసోనో. "కుక్కకి పడేసినట్టు పడెయ్యి నోబుయే. నాకే పడెయ్యి. పైన మీ ఆయన్ని తలుచుకుని పడెయ్యి."

నోబుయే కళ్ళు మూసుకుని తోసింది. పళ్ళెం బల్ల మీద జరజరా జారి వెళ్ళింది. ఇసోనో చేతులు వెనక్కి తీసుకోలేదు. అంచు వచ్చి ఆమె వేళ్ళకి కొట్టుకుంది. ఆమె తల వంచింది.

"అందుకున్నానండీ," అంది.

ఆ మాట ఎక్కడిదో ఆ గదిలో నాకొక్కదానికే తెలుసు. నేను ముఖం పక్కకి తిప్పేసుకున్నాను.

ఇసోనో గాజులు కలిపింది, పొయ్యిలో కాలాయి, కడుగు ఎక్కింది. గోమి రైలు వెళ్ళిపోయింది, అతను దాని ఊసే ఎత్తలేదు. ఎవరమూ అన్నం డబ్బా విప్పలేదు. ఉషియామా కిటికీ దగ్గర నిలబడి గడ్డకట్టిన సరస్సు వైపు చూస్తూ ఉండిపోయాడు. పైన మనిషి దగ్గుతున్నాడు, ఇప్పుడు పరుపు కూడా లేదు కదా, ఉత్త చాప మీద. పొద్దు గుంకేముందు బిళ్ళలు నా చేతికి వచ్చాయి. ఈసారి మీట గోమినే నొక్కమన్నాను. ఒక్కొక్కటే పెట్టాడు, వంచాడు, పక్కన పెట్టాడు. చివరిదాకా వెళ్ళాడు. దేవుడు ఎక్కడా దాటలేదు.

ఈసారి పంపే వెనక గాజులకి ఒక మూల కాస్త కోసి పంపిస్తామన్నాడు గోమి. అలా చేస్తే ఎటు తిప్పినా తల ఎటో కాళ్ళెటో తెలుస్తుంది, ఎవరూ ఎవరికీ ఏదీ పడెయ్యక్కర్లేదు. ఉషియామా గొంతు సవరించుకుని నోబుయేతో ఏదో అనబోయాడు. చివరికి, "పొయ్యిలో బొగ్గులు చూడు," అన్నాడు. ఆయన క్షమాపణ అంతే.

అంతలో ఇసోనో గుమ్మం దగ్గరికి వెళ్ళి ఆ పరుపు మూటని భుజానికెత్తుకుంది. నోబుయే పరుగెత్తింది, "అక్కగారూ, నేను మోస్తా, వదలండి!" అని. ఇసోనో వదల్లేదు. ఇరుకు మెట్లు, మనిషి కంటే మూట పెద్దది, గోడకి రాసుకుంటూ ఎక్కింది. నేనూ వెనకాలే వెళ్ళాను. నోబుయే మొగుడు చాప మీద లేచి కూర్చుని మా వైపు అయోమయంగా చూస్తున్నాడు. ఇసోనో అతని ముందు మోకాళ్ళ మీద కూర్చుని మూట దింపింది. మూటకి ముందూ వెనకా ఏముంటుంది? అయినా ఆమె ఒక్క క్షణం వెతికి, తాడు ముడి ఉన్న వైపు అతని చేతికి అందేలా తిప్పి, రెండు చేతులతో ముందుకి జరిపింది.